ఎర్ర టేపు అంటించింది నేనే

నోరున్న మనిషినని నాకు పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. ఆటోవాళ్ళతో, అపార్ట్‌మెంటు సెక్రటరీతో, బ్యాంకు మేనేజరుతో, పెళ్ళిచూపుల నాడు మా నాన్నతో, అందరితోనూ వాదించి నెగ్గినదాన్ని. అలాంటి నేను ఒక మాట మింగేశాను. ఇన్నేళ్ళయినా అది అరగలేదు. అన్నం తినేటప్పుడు అక్కడే ఉంటుంది. నవ్వేటప్పుడు అక్కడే ఉంటుంది. పిల్లలకు కెమెరా పాఠం చెప్పేటప్పుడు మరీ అడ్డం పడుతుంది.

ముందే చెప్పేస్తాను. ఆఖరిదాకా దాచి అప్పుడు విప్పే కథ కాదిది. నేను చేసిన తప్పు వేరే మనిషి మీద పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. కాదు, ఇది కూడా నాకు అనుకూలంగా రాసుకున్న వాక్యమే. చూస్తూ నిలబడినవాళ్ళు ఆ రోజు చాలామంది ఉన్నారు. నేను నిలబడలేదు. తోశాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో నేను నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపి, తల అడ్డంగా ఊపండి. నాకు అలవాటు. ఓడిపోతున్నానని తెలిసిన కొద్దీ గొంతు పెంచే రకాన్ని.

మాది కర్నూలు. చదువయ్యాక హైటెక్ సిటీలో ఉద్యోగం, కొండాపూర్‌లో కిరాయి ఇల్లు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. తప్పు దొరికితే ఎవరు చేశారో వెతికి పట్టుకుని, నలుగురి ముందూ నిలబెట్టేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. ముప్పై దాటాక ఆ ఉద్యోగం వదిలేశాను. కెమెరా నేర్చుకోవాలనిపించింది. ఎందుకని అడిగినవాళ్ళందరికీ ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పాను. అసలు జవాబు చిన్నది. మా ఆఫీసు అద్దాల భవనం మీద సాయంత్రం ఎండ పడి, ఎదురు భవనానికి తగిలి, రోడ్డు మీద నడిచే మనుషులకు రెండేసి నీడలు వచ్చేవి. అందరూ బస్సు కోసం పరుగెడుతుంటే నేను ఆ నీడలు చూస్తూ నిలబడేదాన్ని. దాన్ని పట్టుకోవాలనిపించింది. అంతే.

ఒక పెద్ద కెమెరామన్ ఉండేవారు. ఆయన పేరు చెప్పను, సార్ అంటాను. ప్రతి సినిమాకీ ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళను చేర్చుకుని పని మీదే నేర్పేవారు. క్లాసులు లేవు, సర్టిఫికెట్లు లేవు. పొద్దున్నే వచ్చి పెట్టెలు మొయ్యాలి, లెన్సులు తుడవాలి, ట్రైపాడ్ ఎత్తాలి. మధ్యలో ఆయన ఉన్నట్టుండి వేలు చూపించి, "ఆ గోడ మీద వెలుగెంత?" అని అడిగేవారు. ముందు కంటితో చెప్పాలి, ఆ తర్వాతే మీటరు పెట్టి చూడాలి. తప్పు చెబితే తిట్టేవారు కాదు. "సరే, మళ్ళీ చూడు" అనేవారు. ఆ 'మళ్ళీ చూడు'కే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అలా నేర్పిన మనిషి మీద భక్తి కాక ఇంకేం కలుగుతుంది? ఆయన ఒక మాట చెబితే యూనియన్ కార్డు వస్తుంది. కార్డుంటే కెమెరా పట్టుకోవచ్చు. లేకపోతే జీవితాంతం పెట్టెలే.

నన్ను చేర్చుకోవడానికి ఆయన వెంటనే ఒప్పుకోలేదు. వయసు ఎక్కువ, పైగా ఆడమనిషి. యూనిట్‌లో ఒకరిద్దరు ఆయన ముందే అన్నారు కూడా, ఆడవాళ్ళకి ఈ బరువులేం తెలుస్తాయి సార్ అని. నేను వాళ్ళతో వాదించాను, నెగ్గాను. నెగ్గాను కాబట్టి ఇంక తప్పు చెయ్యడానికి వీల్లేకుండా పోయింది. ఇది వినడానికి సాకులా ఉందా? సాకే. అయినా నిజం.

నాతోపాటు నేర్చుకుంటున్నవాడు నర్సింలు. పుప్పాలగూడ వాడే. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న. వాళ్ళ పొలం ఉన్నచోట అప్పటికే అపార్ట్‌మెంట్లు లేచాయి. "గా మూడో టవర్ల లిఫ్టున్నది సూడు అక్కా, గాడ్నే మా బర్లు పండేటియి" అని నవ్వుతూ చూపించేవాడు. అతని పని రీలు ఎక్కించడం.

అప్పట్లో సినిమాలు ఫిల్ము మీదే తీసేవాళ్ళం. కెమెరా మీద ఒక పెట్టె కూర్చుంటుంది, దాన్ని మ్యాగజైన్ అంటారు. ఫిల్ము చుట్ట అందులో ఉంటుంది. దానికి వెలుగు తగలకూడదు. అందుకని చేతులు దూర్చుకోవడానికి రెండు తొడుగులున్న నల్ల సంచిలో పెట్టి, లోపల ఏమీ కనపడకుండా, వేళ్ళ తడితోనే ఎక్కించాలి, దించాలి. నర్సింలు ఆ పని చేస్తూ వేరేవాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. నేను చేస్తే చెమటలు పట్టేవి.

సార్ కెమెరాకి ఒక పద్ధతి ఉంది. కొత్త ఫిల్ము ఎక్కించిన మ్యాగజైన్‌కి తెల్ల టేపు. షాట్ తీసేసిన దానికి ఎర్ర టేపు. ఖాళీదానికి ఏ టేపూ ఉండదు. కెమెరా మీంచి మ్యాగజైన్ దిగిన క్షణంలోనే, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు, ఎర్ర టేపు అంటించాలి. పక్కవాడికి ఇచ్చి అంటించమనకూడదు. ఆ పద్ధతి లేకపోతే ఏమవుతుందో మాకెవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ తప్పలేదు.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తున్న రోజులు. టీ దగ్గర నేనూ నర్సింలూ రోజూ తగువు పడేవాళ్ళం. మా కర్నూలు ఒకప్పుడు రాజధాని, దాన్ని వదులుకుని మీ ఊరికొచ్చాం, ఇప్పుడు పొమ్మంటే ఎలా అని నేను. "అయితే మంచిగ తీస్కపో అక్కా నీ రాజధానిని, సామాన్లకు డీసీఎం బండి నేనే మాట్లాడిపెడ్త" అని అతను. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. నిజం చెప్పాలంటే అతని వాదనలో నాకు జవాబు దొరకనివి చాలా ఉండేవి. ఒప్పుకున్నానా? లేదు. అతను జేబులోంచి బిస్కెట్ పొట్లం తీసి నాకే ముందిచ్చేవాడు.

ఇప్పుడు ఆ రోజు గురించి చెప్పాలి.

బంద్ రోజు. బంద్ అంటే షూటింగులు కూడా బంద్. కానీ మా నిర్మాతకి ఒక ఆలోచన వచ్చింది. హైటెక్ సిటీ రోడ్డు మామూలు రోజున ఖాళీగా దొరకదు. బంద్ నాడు పురుగు కూడా ఉండదు. ఆ ఖాళీ రోడ్డు మధ్యలో హీరో ఒంటరిగా నడిచి వచ్చే షాట్ ఒక్కటి తీసుకుని, ఎవరూ చూడకముందే సర్దుకుని వెళ్ళిపోదాం అన్నాడు. చిన్న యూనిట్, ఒక్క కెమెరా. ఊరంతా పని మానేసి అడుగుతున్నదాన్ని మేము సెట్టుగా వాడుకోబోతున్నామన్న మాట. నాకు అది అప్పుడు తోచలేదు. నర్సింలుకి తోచింది. మొహం ముడుచుకున్నాడు, కానీ వచ్చాడు. సార్ కోసం వచ్చాడు.

షాట్ అద్భుతంగా వచ్చింది. ఎండ ఒక అద్దాల భవనం మీద పడి, రెండోదానికి కొట్టి, రోడ్డు మీదికి దిగింది. నిర్మానుష్యమైన అంత పెద్ద రోడ్డు మీద ఒకే మనిషి, రెండు నీడలు. నేను దేనికోసం ఉద్యోగం మానేశానో అది నా కళ్ళ ముందు జరిగింది. కట్ అనగానే సార్ వెనక్కి తిరిగి మా వైపు చూసి నవ్వారు. ఆయన నవ్వడం అరుదు.

అప్పుడే బైకుల మీద కుర్రాళ్ళు వచ్చారు. కండువాలు, జెండాలు. బంద్ నాడు షూటింగేంది అని గట్టిగా అడుగుతున్నారు. ప్రొడక్షన్ మేనేజరు గుంటూరాయన, ఆయన అండీ అండీ అంటూ దగ్గరికెళితే ఆ యాసకే వాళ్ళు ఇంకా మండిపడ్డారు. ఆయన నర్సింలుని పిలిచాడు. నర్సింలు అప్పుడే కెమెరా మీంచి మ్యాగజైన్ దించాడు. టేపు చుట్ట అందుకోబోతున్నాడు. మేనేజరు మళ్ళీ అరిచాడు. నర్సింలు మ్యాగజైన్ నా చేతిలో పెట్టి, "అక్కా, జర టేప్ ఎయ్యి, ఇప్పుడే వస్త" అని పరుగెత్తాడు. నేను సరేనన్నాను.

వాళ్ళలో ఇద్దరు అతని ఊరివాళ్ళే. అతనేం చెప్పాడో దూరం నుంచి సగమే వినిపించింది. "మీ బంద్ ఎంత మంచిగ నడిచిందో సిన్మాల పడ్తదిరా, థియేటర్ల జనమంత సూస్తరు" అన్నాడు. ఒకడు నవ్వాడు, తర్వాత మిగతావాళ్ళు. పది మాటల్లో అయిపోయింది. కెమెరా పగలగొట్టాల్సినవాళ్ళు మాతో చేతులు కలిపి, "ఇగ జల్ది పోండ్రి" అని వెళ్ళిపోయారు. ఆ రోజు మా యూనిట్‌ని కాపాడింది నర్సింలు. దయచేసి ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

నేనేం చేస్తున్నాను అప్పుడు? మ్యాగజైన్ వ్యాన్‌లో పెట్టి, దిగి, మేనేజరు అసిస్టెంటుతో గొడవ పడుతున్నాను. పోలీసుకి ముందే చెప్పలేదేమిటని. అతన్ని దులిపేశాను. మంచి మంచి మాటలు దొరికాయి. టేపు మర్చిపోయాను.

తిరిగి వ్యాన్ ఎక్కాను. త్వరగా సర్దమని కేకలేస్తున్నారు. ఖాళీ మ్యాగజైన్లు పక్కనే ఉన్నాయి. టేపు లేనిది ఖాళీది కదా. తుడిచి పెట్టెలో పెట్టాలి కదా. మూత తీశాను.

లోపల ఫిల్ము చుట్ట ఉంది.

మూసేశాను. రెప్ప వేసినంతసేపు. కానీ వ్యాన్ తలుపు బార్లా తెరిచి ఉంది, ఎండ నా చేతుల మీద ఉంది. ఫిల్ముకి ఆ రెప్పపాటు చాలు. ఇది నాకు తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి ఒక్క సందు కూడా లేదు.

ఇక్కడిదాకా అది పొరపాటు. పొరపాటుని ఎవరూ ఇన్నేళ్ళు ఇలా మోయరు. దిగి వెళ్ళి, సార్, తెరిచాను అని ఉంటే? హీరో ఇంకా అక్కడే ఉన్నాడు. రోడ్డు ఇంకా ఖాళీగానే ఉంది. ఎండ ఇంకా కొంచెంసేపు అలాగే ఉండేది. కుర్రాళ్ళు అప్పుడే వెళ్ళారు కాబట్టి నర్సింలు ఇంకోసారి బతిమాలగలిగేవాడు. ఇంకో షాట్ తీసుకునేవాళ్ళం. అంటే నేను దాచింది తప్పును మాత్రమే కాదు. దిద్దుకునే వీలును కూడా.

టేపు చుట్ట తీసుకున్నాను. ఎర్రది. ముడత పడకుండా, అంచులు సరిగ్గా కలిసేలా మూత చుట్టూ అంటించాను. సార్ ఎలా నేర్పారో అలా. అంత శ్రద్ధగా నేనెప్పుడూ అంటించలేదు.

నర్సింలు వచ్చి, టేపు చూసి, నాకు థ్యాంక్స్ చెప్పాడు. సంచిలో చేతులు దూర్చి రీలు దించి, డబ్బాలో పెట్టి, ల్యాబుకి పంపించాడు.

ల్యాబు నుంచి కబురు వచ్చిన రోజు మేము మణికొండలో ఒక ఇంట్లో షూటింగ్ చేస్తున్నాం. రీలంతా తెల్లటి పొగ కమ్మిందట. పనికిరాదట. ఆ తర్వాతి బంద్‌లప్పుడు పోలీసులు మాకు అనుమతి ఇవ్వలేదు. ఆ షాట్ మళ్ళీ దొరకలేదు. సినిమాలో హీరో ఏదో సందులో నడుస్తాడు.

మేనేజరు మొదట అన్నాడు ఆ మాట. "వాళ్ళతో ఏదో మాట్లాడుకునే వచ్చాడండి. లేకపోతే అంత గొడవ చేసినోళ్ళు ఊరికే ఎందుకు పోతారండి? రీలు బయటికి రానివ్వనని మాటిచ్చి ఉంటాడు." ఇంకొకడు అందుకున్నాడు. వీళ్ళంతా అంతే అన్నాడు. నర్సింలు అక్కడే ఉన్నాడు. నవ్వబోయాడు, హాస్యమనుకుని. ఎవరూ నవ్వలేదు.

రోజూ టీ దగ్గర ఇలాంటి మాట ఎవరన్నా చీల్చి చెండాడేదాన్ని నేను. వీళ్ళూ వీళ్ళూ అంటారేంటి, మనిషికో పేరుంది కదా అని. ఆ రోజు లెన్సు తుడుస్తూ కూర్చున్నాను. అప్పటికే తుడిచిన లెన్సు.

సార్ నన్ను పక్కకి పిలిచారు. "ఏమ్మా, ఆ రోజు వ్యాన్ దగ్గర నువ్వున్నావు. ఏం జరిగింది?" అని అడిగారు. ఆయన మేనేజరు మాట నమ్మలేదనుకుంటాను. నా మాట నమ్ముదామని అడిగారు. నేను అన్నాను, "ఆ కుర్రాళ్ళతో మాట్లాడి వచ్చాక నర్సింలే రీలు దించాడు సార్. నేను చూస్తుండగానే."

చూడండి ఆ వాక్యాన్ని. ఒక్క అబద్ధం లేదు. ఆఫీసులో తప్పులు పట్టిన అనుభవమంతా అందులో పెట్టాను. ప్రతి ముక్కా నిజం, మొత్తం దొంగది. సార్ తలూపారు.

వాకిట్లో, లైట్ల వ్యాన్ వెనక నర్సింలు నన్ను పట్టుకున్నాడు. ఆ మాటలు నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"అక్కా, ఆ మ్యాగజైన్ నీ చేతికిచ్చిన గదా. అప్పుడు టేప్ లేకుండె. యాదికున్నదా?"

"ఉంది నర్సింలూ, టేపు వేసే ఇచ్చావు."

"ఏసిన్నా? టేప్ ఎయ్యమని నీకు చెప్పినట్టు ఉన్నది నాకు."

"చెప్పడం ఏంటి? పక్కవాళ్ళకి చెప్పకూడదని సార్ రోజూ చెబుతుంటే నువ్వెందుకు చెబుతావు? నువ్వే వేశావు. ఆ మేనేజరు అరుస్తుంటే కంగారులో ఉన్నావు, నీకు గుర్తులేదు."

"గట్లనా..." ఆలోచించాడు. "మరి ఎట్లయింది అక్కా? సంచిల నా చెయ్యి తప్పదు. ఎన్నడన్న తప్పిందా?"

"ఆ రోజు నీ చేతులు వణుకుతున్నాయి. నేను చూశాను. సంచికి రెండు జిప్పులు. లోపలిది వేశావా?"

"ఏసిన."

"ఖాయంగా?"

అతను తన చేతులవైపు చూసుకున్నాడు. "ఏసిన్ననే అనుకుంటున్న" అన్నాడు. ఇంకాసేపటికి, "ఏమో అక్కా. ఏసిన్నో లేదో" అన్నాడు.

నేను అక్కడ ఆగలేదు. ఆగి ఉంటే ఈ రోజు కొంచెం తక్కువ సిగ్గుపడేదాన్ని. "అయినా మీవాళ్ళని ఆ రోజు మరీ ఎక్కువసేపు బుజ్జగించావు. జనం అనుమానించడంలో తప్పేముంది?" అన్నాను. మీవాళ్ళు. ఆ మాట అన్నది నేనే. అతను నా మొహంలోకి చూశాడు. తగువు పడతాడనుకున్నాను. పడి ఉంటే బాగుండేది. "నువ్వు గూడనా అక్కా?" అని కూడా అనలేదు. తల వంచుకుని వెళ్ళి, తన సంచి మడతపెట్టి పెట్టెలో పెట్టాడు.

మర్నాటి నుంచి రావద్దని సార్ చెప్పారు. కోప్పడలేదు. అతను కూడా వాదించలేదు. తప్పు తనదే కావచ్చని అప్పటికే నమ్మించాను కదా, ఇంకేం వాదిస్తాడు? రీలు కావాలనే చెడగొట్టాడన్న మాట ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కి పాకింది. తర్వాత అతన్ని ఎవరూ పిలవలేదనే అనుకున్నాను.

ఎందుకు చేశాను? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకి రకరకాల జవాబులు కట్టుకున్నాను. భయమని. కార్డు అని. ఆడమనిషికి ఒక్క తప్పు కూడా దక్కదని. అన్నీ కొంత కొంత నిజాలే. కానీ వాటి అడుగున ఇంకొకటి ఉంది. అది బయటికి తియ్యడానికే ఇంతకాలం పట్టింది. ఆ రోజు నేను ఒప్పుకుని ఉంటే, "ఆడవాళ్ళంతా అంతే" అనేవాళ్ళు. నా మీద పడాల్సిన ఆ 'అంతా అంతే'ని, చేత్తో పట్టుకుని, దిశ మార్చి, అతని మీదికి మళ్ళించాను. ఉద్యమ కాలంలో అది ఎంత తేలిగ్గా అంటుకుంటుందో నాకు తెలుసు. రోజూ టీ దగ్గర దాని గురించే కదా వాదించేదాన్ని. నొప్పి ఎక్కడుందో తెలిసినవాళ్ళే అక్కడ కొట్టగలరు.

నాకు కార్డు వచ్చింది. అసిస్టెంటుగా చాలా సినిమాలకు పనిచేశాను. పేరున్న కెమెరామన్‌ని మాత్రం కాలేదు. దాన్ని శిక్ష అనుకుని ఊరట పొందాలని చూశాను. కుదరలేదు. అది శిక్ష కాదు, నాకున్న ప్రతిభ అంతే. తెలంగాణ రాష్ట్రం వచ్చింది. డిజిటల్ కెమెరాలు వచ్చి సంచులు, మ్యాగజైన్లు పోయాయి. ఇప్పుడు కొండాపూర్‌లో శని, ఆదివారాలు ఐటీ పిల్లలకు కెమెరా నేర్పుతున్నాను. ముందు కంటితో చెప్పు, తర్వాత మీటరు అంటాను. తప్పు జరిగితే వెంటనే నోరు విప్పండి, అప్పుడే దిద్దుకోగలం అని కూడా అంటాను. పిల్లలు రాసుకుంటారు.

మొన్నామధ్య మణికొండలో మా పక్కింటివాళ్ళ అమ్మాయి సీమంతానికి వెళ్ళాను. వీడియో తీస్తున్నది నర్సింలు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. నన్ను చూడగానే కెమెరా దించి, "అక్కా! ఇంక కొట్లాడుతున్నవా అందరితోని?" అన్నాడు. సంతోషంగా అన్నాడు. పుప్పాలగూడలో ఫోటో స్టూడియో ఉందట, ఇద్దరు పిల్లలట. నాకు లోపల ఒక పాడు ఆలోచన వచ్చింది: బాగానే ఉన్నాడు కదా. ఏమీ పోలేదు కదా.

భోజనాల దగ్గర పక్కన కూర్చున్నాడు. నేనే అడిగాను, మళ్ళీ సినిమాలవైపు ఎందుకు రాలేదని. ఎవరూ పిలవలేదంటాడనుకున్నాను. "ఒకాయన పిలిచిండు అక్కా, ఏడాదికి" అన్నాడు. "పోయిన. సంచిల చేతులు పెట్టిన. లోపలి జిప్పు ఏసిన్నా లేదా అని బుగులు. తీసి సూసుకునుడు, మల్ల పెట్టుడు. గింత పనికి గంట జేసిన. ఆయన పరేషాన్ అయి పొమ్మన్నడు." నవ్వాడు. "చేతుల మీద నమ్మకం పోయినంక గా పని కాదక్కా. ఇప్పటికి గూడ స్టూడియోకు తాళమేసి మూడు సార్లు గుంజి సూస్త. మా ఆమె తిడ్తది."

నేను తీసింది అతని ఉద్యోగమనుకున్నాను ఇన్నేళ్ళూ. కాదు.

ఆ రోజు కూడా చెప్పలేదు. పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశాను. అదీ నేను.

తర్వాత అతని స్టూడియోకి వెళ్ళాను. పొద్దున పూట, ఎవరూ లేరు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. టేపు లేకుండానే నువ్విచ్చావు, నేను మర్చిపోయాను, ఖాళీదనుకుని వెలుగులో తెరిచాను, తర్వాత టేపు అంటించాను, జిప్పు నువ్వు వేశావో లేదో నేను చూడనే లేదు, నీ చేతులు వణకలేదు. ఒక్క ఊపిరిలో చెప్పాను. ఈసారి వాక్యాల్లో ఏ పనితనమూ లేదు.

ఒకావిడ పాస్‌పోర్టు ఫోటో కోసం లోపలికి వచ్చింది. లేచి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కొంచెం ఎత్తమని చెప్పి, ఫోటో తీసి, ప్రింటు ఇచ్చి, పంపించాడు. నేను నిలబడే ఉన్నాను. ఆమె వెళ్ళాక నా వైపు తిరిగాడు.

"నాకు చెప్పినవ్. సార్‌కు చెప్పినవా?"

"లేదు."

"నన్ను నలుగుట్ల అన్నరు అక్కా. నువ్వు ఎవ్వలు లేనప్పుడొచ్చి నాకొక్కనికి చెప్తె ఏమైతది? నలుగుట్ల చెప్పు." "ఇగ పో. నాకు పనున్నది" అన్నాడు. క్షమించమని అడగబోయిన నోటిని మూసుకున్నాను. అడిగే హక్కు కూడా లేదనిపించింది. జవాబు చెప్పాల్సిన బరువు మళ్ళీ అతని మీదే పెట్టడం కాదా అది?

సార్‌కి ఫోన్ చేశాను. ఆయన ఇప్పుడు పని మానేశారు, వినికిడి కొంచెం తగ్గింది. గట్టిగా, అక్షరం అక్షరం చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో ఒంటరిగా నిలబడి నా తప్పు నేనే కేకలేసి చెప్పుకున్నాను. పక్క ఫ్లాటువాళ్ళు విని ఉంటారు. విననీ. తర్వాత ఆయన అన్నారు, "ఎంత మంచి షాటమ్మా అది." ఆ తర్వాత, "ఆ కుర్రాడి పేరేమిటన్నావు?"

ఆయనకు పేరు గుర్తులేదు. షాట్ గుర్తుంది.

"నర్సింలు సార్" అన్నాను. వినపడలేదన్నారు. మళ్ళీ చెప్పాను. "నర్సింలు. పుప్పాలగూడ నర్సింలు. అతను ఏ తప్పూ చెయ్యలేదు."

మేనేజరు ఎక్కడున్నాడో తెలియలేదు. మిగిలినవాళ్ళలో సగంమంది నంబర్లు లేవు. అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు పెట్టలేదు, నిజమే. ఇంకా అంత ధైర్యం రాలేదు. ఇది కూడా నా లెక్కలోనే రాసుకోండి. కానీ ఆ సెట్టు మీద ఉన్నవాళ్ళకి నా పేరు అక్కర్లేదు. అప్పట్లో అంత నోరున్న ఆడమనిషి అక్కడ ఇంకొకత్తె లేదు. మొదటి పేరాకే గుర్తుపడతారు. అతని పేరు మాత్రం మార్చలేదు. ఇది రాస్తున్నానని కబురు చేస్తే, మార్చవద్దని అతనే చెప్పి పంపించాడు.

అతను నాకు ఫోన్ మాత్రం చెయ్యలేదు. చేస్తాడని ఎదురుచూడటం లేదు. అతని స్టూడియో ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ పక్క రోడ్డు మీదుగా వెళుతున్నాను. సిగ్గు తగ్గలేదు. తగ్గుతుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. గొంతులో అడ్డం పడి ఉన్నది మాత్రం ఇప్పుడు బయట ఉంది. నాకు కనబడేలా, మీకు కనబడేలా. దాని మీద వాదించడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేదు.